మూలమట్టం కింద వెలుతురు

జహీర్ ఉస్తాద్ చేతినుంచి మూలమట్టం అందుకోవాలి. అతని దగ్గర పని నేర్చుకుంటున్న సమతకు వేరే కోరిక లేదు.

బాలానగర్‌లో ఉస్తాద్ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. పని నేర్చుకున్నవాళ్లు ఇనుప ముక్కను మిల్లింగ్ మిషన్ మీద చెక్కి, మూలలన్నీ నిక్కచ్చిగా ఉండే దిమ్మె చేసి చూపించాలి. ఉస్తాద్ దానికి మూలలు సరిచూసే మూలమట్టం ఆనించి వెలుగుకెదురుగా ఎత్తి చూస్తాడు. మధ్యలోంచి వెలుతురు దూరకపోతే ఆ మట్టం వాళ్లదే. ఆ రోజునుంచి ఉస్తాద్ వాళ్లను "నా శిష్యుడు" అంటాడు. అంతవరకూ ఎవరడిగినా "పని నేర్చుకుంటున్నడు" అంటాడు, అంతే.

ఇంతవరకూ మట్టం అందుకున్నవాళ్లంతా మగవాళ్లే. పక్క షెడ్డు నర్సింగరావు తన లేత్ మిషన్ దగ్గర నిలబడి సమతను చూసినప్పుడల్లా నవ్వేవాడు. "ఏం ఉస్తాద్, అప్పడాల కర్ర పట్టే చేతికి మిల్లింగ్ మిషనా?"

సమత తల్లి మందుల ఫ్యాక్టరీలో యూనియన్ నాయకురాలు. ఆ ఇంట్లో పిల్లకు లాలిపాటలకంటే నినాదాలే ముందు వచ్చాయి. నర్సింగరావుకు జవాబు నోటితో కాదు, ఇనుముతో చెప్పాలనుకుంది సమత. తుక్కు కింద పోతున్న చిన్న మిల్లింగ్ మిషన్ కొని ఇంటి వరండాలో దింపింది. దానికి ఒక్కొక్క పరికరమే తగిలించుకుంటూ వచ్చింది. అంతా అయ్యాక దిమ్మె చెక్కి చూపిస్తానని ఉస్తాద్‌ను ఇంటికి పిలిచింది.

మిషన్ నుదుటిమీద ఎర్రరంగుతో రాసి ఉంది: 'యంత్రం మనిషి కోసం. మనిషి యంత్రం కోసం కాదు.'

ఉస్తాద్ కళ్లజోడు సవరించుకుని చదివాడు. "దీనికి చదువొస్తదా బేటీ?"

"చూసేవాళ్లకు వస్తది ఉస్తాద్!"

అతడు గడ్డం నిమురుకున్నాడు. ఆమె ఆగలేదు. లారీ వైపర్ మోటరు చూపించింది. హ్యాండిల్ తిప్పే పని లేకుండా, ముక్కను మోసే ఇనుప టేబుల్‌ను అదే నడిపిస్తుంది. "కూలీ భుజం అరగాల్సిన పని లేదు!" టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిజిటల్ స్కేలు చూపించింది. "కొలత యజమాని గుత్తసొత్తు కాదు!" చివరికి పాత ఫ్రిజ్ కంప్రెసరుకు బిగించిన గాలిగొట్టం చేతిలోకి తీసుకుంది. మీట నొక్కగానే ఇనుప రజను ఎగిరిపోయింది.

"అరచేత్తో తుడిచే వెట్టిచాకిరీ ఈ రోజుతో రద్దు ఉస్తాద్!"

షెడ్డులో చేరిన కొత్తలో ఆమెకు ఉస్తాద్ ఇచ్చిన మొదటి పని అదే. ముక్కను పట్టి ఉంచే వైస్‌ను టేబుల్ మీద పెట్టేముందు, బ్రష్షుతో ఊడ్చి, ఆ తరవాత వట్టి అరచేత్తో తుడవడం. వారాలకొద్దీ అదే చేయించాడు. అప్పట్లో ఆమె తిట్టుకోని రోజు లేదు.

ఉస్తాద్ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. వైపర్ మోటరు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు వంగి చూశాడు.

సమత దిమ్మె చెక్కింది. మోటరు సన్నగా పాడుతూ టేబుల్‌ను లాగింది. ముఖాలు అద్దంలా మెరిశాయి. స్కేలు తెర మీద అంకెలు ఆమె అడిగినచోటే ఆగాయి.

ఉస్తాద్ మట్టం ఆనించి వరండా అంచున ఎండకు ఎత్తాడు.

మట్టం కింద సన్నటి వెలుతురు గీత.

దిమ్మె తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"కాదు ఉస్తాద్!" సమత గొంతు పెరిగింది. "తెర చూడండి, తేడా సున్నా ఉంది. మిషన్ అబద్ధం చెప్తదా?"

"మిషన్‌ను ఎందుకంటవ్ తల్లీ? అది దానికి తెలిసింది చెప్తున్నది. వైస్ తియ్యి."

ఆమె బోల్టులు విప్పింది. స్కేలు బిగించేటప్పుడు తీసి, టేబుల్ మీద గాలి కొట్టి, మళ్లీ పెట్టిన వైస్ అది. ఇద్దరూ కలిసి పక్కకు దించారు. టేబుల్ శుభ్రంగా మెరుస్తోంది.

ఉస్తాద్ కళ్లు మూసుకుని టేబుల్ మీద అరచెయ్యి జరిపాడు. ఒకచోట ఆగాడు. ఆమె చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు.

కంటికి ఆనని ఇనుప పొట్టు ఒకటి ఆమె అరచేతికి గుచ్చుకుంది. గాలి ఎగరగొట్టలేనిది అక్కడే అంటుకుని ఉండిపోయి, వైస్ కింద నలిగి, అంత బరువునూ ఒకపక్క ఎత్తి పట్టింది.

సమత ముఖం ఎర్రబడింది. గాలిగొట్టాన్ని ఊడబెరకబోయింది.

ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అది దాని పని చేసింది. అన్నీ తగిలించినవ్ బేటీ. ఒక్కటి ఊడదీసినవ్."

ఆమె తన అరచేతికేసి చూసుకుంది.

మళ్లీ మొదలుపెట్టింది. గాలి కొట్టింది, బ్రష్షుతో ఊడ్చింది, అరచేత్తో తుడిచింది. వైస్ అడుగును కూడా తడిమి చూసి పెట్టింది. కొత్త ముక్క బిగించింది.

ఈసారి మట్టం కింద ఎండ దూరలేదు. ఉస్తాద్ దిమ్మెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తరవాత మట్టాన్ని నూనెగుడ్డలో చుట్టాడు. ఆమె రెండు చేతులూ చాచింది. అతడు దాన్ని వాటిలో పెట్టాడు గానీ పట్టు విడవలేదు.

"ఇట్లాంటి మోటరు నా మిషన్‌కు ఎప్పుడు పెడ్తవ్? హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం పోయింది."

"రేపే పెడ్త ఉస్తాద్!"

అప్పుడు వదిలాడు.

మర్నాడు షెడ్డులో ఉస్తాద్ పాత మిషన్ తనంతట తాను నడుస్తుంటే నర్సింగరావు లేత్ ఆపేసి వచ్చాడు. మోటరుకేసి వంగి చూశాడు. సమత అటువైపు తిరిగి టేబుల్ చివర అరచేత్తో తుడుస్తోంది.

"మస్తుంది ఉస్తాద్! నాకూ ఒకటి కావాలె. ఎవరు చేసిండ్రు?"

జహీర్ ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"నా శిష్యురాలు."