గనిగట్టు మోకులమ్మ తల్లి వెలసిన వైనం

వెలిగొండల వరుసకు తూర్పున, ఎర్రమట్టి దిబ్బలు, సీతాఫలం పొదలు నిండిన మెట్టనేలలో గనిగట్టు అనే చిన్న ఊరు ఉన్నది. బస్సు దిగిన యాత్రికులు అక్కడి నుంచి క్రోసెడు దూరం నడవవలసి ఉంటుంది. దారి పొడవునా మట్టిలో కాకిబంగారం అనే అభ్రకపు రేకులు ఎండకు తళుక్కుమంటూ ఉంటాయి. ఆ దారి చివర, నీళ్లు నిండిపోయిన పాత అభ్రకం గని అంచున మోకులమ్మ తల్లి కొలువై ఉన్నది. గోపురం లేదు, ప్రాకారం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన రేకుల కప్పు. లోపల చెక్కిన విగ్రహం కూడా లేదు. మోకాలెత్తు నల్లరాయి ఒకటి, దాని మెడ భాగంలో తాడు ఒరిసి పడ్డ మూడు లోతైన ఒరుపులు. పసుపు కుంకుమలు ఆ ఒరుపుల్లోనే పెడతారు. తల్లికి చీర కట్టరు, మోకు అనే లావుపాటి తాడును కొత్తగా పేని చుడతారు. ఇదేమి ఆచారమని అడిగే భక్తుల కోసం, మా పెద్దలు చెప్పగా విన్న కథను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. తెల్లదొరల ఏలుబడిలో ఈ దిబ్బ కింద అభ్రకం పడిందని తెలిసి, ధనుంజయ నాయుడు అనే ఆసామి గని తవ్వించాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి అరవై మంది కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. మగవాళ్లు మోకు నడుముకు కట్టుకొని ఇరవై నిలువుల లోతుకు దిగి రాయి కొట్టేవారు. ఆడవాళ్లు పైన కొట్టంలో కూర్చొని అభ్రకాన్ని పొరలు పొరలుగా చీల్చేవారు. ఆ చీల్చేవాళ్లలో పెంచలమ్మ ఒకతె. ఆమె భర్త మస్తానయ్య గనిలో దిగేవాడు. పెళ్లయి నాలుగేళ్లు. మనిషి మాటకారి కాదు గాని, గనిలోంచి పైకి రాగానే కొట్టం వైపు చూసి ఒకసారి చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యి కనిపించేదాకా పెంచలమ్మకు చేతిలోని పని సాగేది కాదు.

గని అంచున మోకు జారడానికి కొయ్యగిలక ఒకటి ఉండేది. అది విరిగి ఆరు నెలలయింది. అప్పటి నుంచి మోకు అంచునున్న రాతి మీద ఒరుసుకుంటూనే దిగేది, ఒరుసుకుంటూనే లేచేది. గిలక వేయించమని కూలీలు మేస్త్రీ రంగస్వామిని మూడుసార్లు అడిగారు. వేయిద్దాం, వేయిద్దాం అన్నాడే తప్ప వేయించలేదు. మోకు బాగానే ఉన్నదని యజమానికి కబురు చేస్తూ వచ్చాడు.

చైత్రమాసంలో ఒకనాటి ఉదయం మోకు తెగింది. మస్తానయ్య అప్పుడే దిగుతున్నాడు.

శవాన్ని సాగనంపిన మరునాడు రంగస్వామి తెగిన మోకును ముడివేయించి, దిగండని కేకవేశాడు. ఎవరూ కదలలేదు, ఎవరూ కాదనలేదు. అప్పుడు పెంచలమ్మ కొట్టంలోంచి లేచి వచ్చి, చుట్టగా పడి ఉన్న ఆ మోకు మీద కూర్చున్నది.

"లెయ్యమ్మే, పని చెడగొట్టబాక," అన్నాడు మేస్త్రీ.

"నేను లెయ్యను. ఈ మోకు మీద ఇంకో ఇంటి మనిషి దిగేదానికి లేదు," అన్నది ఆమె.

ఆ రోజంతా ఒక్కతే కూర్చున్నది. మిగిలినవారు దూరంగా నిలబడి చూశారు. పని పోతే ఏం తినాలన్న భయం వారిది. సాయంత్రానికి అంకయ్య వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆ గనిలో మోకు పట్టేవారందరిలో పెద్దవాడు. మస్తానయ్యను దింపుతున్నప్పుడు గని అంచు దగ్గర, అందరికన్నా ముందు మోకు పట్టే ముందుపట్టు అతనిదే.

"ఈ చేతుల్లోనే గదమ్మా తెగింది," అని మాత్రం అన్నాడు.

రెండో రోజుకు పదిమందయ్యారు. మూడో రోజు కొట్టంలోని ఆడవాళ్లు అభ్రకం చీల్చే కత్తులు కింద పెట్టి బయటికి వచ్చారు. ఆ మధ్యాహ్నం ఎండకు సోలిపోయి పెంచలమ్మ మోకు మీదే కునుకు తీసింది. కలలో ఒక ముసలావిడ కనిపించింది. ఆమె మెడ చుట్టూ ఒరిసిన పుండ్లు, వాటిలోంచి నెత్తురు కారుతున్నది.

"చూడు బిడ్డా, నా మెడ ఎట్టా కోసకపోయిందో. ఇన్నాళ్లూ మీ మోకు నా మీదనే లాగతా ఉండారు. నేను ఓర్చుకున్నా, మోకు ఓర్చుకోలేదు. దింపేవాణ్ణి ముందు దిగమను. అప్పుడు తెలస్తాది," అన్నది.

పెంచలమ్మ ఉలిక్కిపడి లేచి, గని అంచున పేరుకున్న మట్టిని, పీచును చేతులతో తీసివేసింది. లోపల నల్లరాయి, దాని మెడకు మూడు ఒరుపులు. అందరూ వచ్చి చూశారు. అంకయ్య ఆ ఒరుపులో వేలు పెడితే వేలు మునిగింది. ఎవరో పసుపు తెచ్చి పూశారు. ఆ రోజు నుంచి కూలీలు తల్లి ముందర కూర్చున్నారు. ఎవరింట ఏది ఉంటే అది ఒకే కుండలో పోసి గంజి కాచుకున్నారు. గంజి చాలనినాడు అడవి గడ్డలు తవ్వుకున్నారు.

పదో రోజున రంగస్వామి ఏటి అవతలి నుంచి రెండు బండ్లలో కొత్త కూలీలను దించాడు. వారిని తరిమికొడదామని కొందరు రాళ్లందుకున్నారు. పెంచలమ్మ వద్దని వారించి, ముడి బయటికి మిగిలిన తెగిన మోకు కొసను తీసుకొనిపోయి ఆ వచ్చినవారి పెద్ద చేతిలో పెట్టింది. అతడు దానిని వేళ్లతో విప్పి చూశాడు. లోపలి పోగులు పొడిగా రాలిపోయాయి.

"దీని మీద ఎవురు పొయ్యారమ్మా?" అని అడిగాడు.

"నా మొగుడు."

అతడు మోకును కళ్లకద్దుకొని ఆమెకే తిరిగి ఇచ్చాడు. ఆ బండ్లలో వచ్చినవారు ఒక్కరూ గనిలో దిగలేదు. ఆ రోజు కుండలో గంజి వారికి కూడా పంచారు.

పదిహేనో రోజున ధనుంజయ నాయుడు స్వయంగా గుర్రంబండిలో వచ్చాడు. తన గనిలోనే తన మాట పోయిందన్న కోపంతో ఉన్నాడు.

"మోకు బాగుందని మేస్త్రీ చెప్తున్నాడు. మీకు ఒళ్లు వంగక ఈ ఆటలన్నీ," అన్నాడు.

పెంచలమ్మ లేచి నిలబడింది. "బాగుంటే మీరు దిగి చూపీండయ్యా. మీరు దిగి పైకొస్తే, ఇంక మారు మాట్లాడకుండా మేమంతా దిగతాం."

నాయుడు మేస్త్రీ వైపు చూశాడు. రంగస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దండయ్యా," అన్నాడు గొణుగుతూ. ఆ ఒక్కమాటతో నాయుడికి సంగతి సగం అర్థమయింది. అయినా అంతమంది ముందు వెనుకకు తగ్గడానికి మనసొప్పలేదు. పైపంచె తీసి బండిలో వేసి, మోకు నడుముకు కట్టించుకున్నాడు.

అంకయ్యతో పాటు పన్నెండుమంది మోకు పట్టారు. ముందుపట్టు పెంచలమ్మ పట్టింది. ఒక నిలువు, రెండు నిలువులు, ఎనిమిది నిలువులు దిగాక రాతి మీద మోకు కిర్రుమన్నది. ఒక పురి పుటుక్కున తెగి పైకి లేచింది. కింది నుంచి నాయుడి కేక వినిపించింది. "లాగండి! లాగండిరా నాయనా!"

పెంచలమ్మ కళ్ల ముందే రెండో పురి విచ్చుకుంటున్నది. తాను చెయ్యి వదలనక్కరలేదు. ఊరికే చూస్తూ ఉంటే చాలు. ఆ ఆలోచన తనకు వచ్చిందని ఆమె తన ముసలితనంలో కూడా దాచుకోలేదు, అడిగినవారందరికీ చెప్పింది. మస్తానయ్య కూడా ఇలాగే కేకవేశాడు. ఆ గొంతూ ఈ గొంతూ ఆమెకు వేరుగా వినిపించలేదు. మరుక్షణంలో పట్టు అంకయ్యకు అప్పగించి, బరువులు మోయడానికి తలమీద పెట్టుకొనే గుడ్డ చుట్టకుదురు లాగి మోకుకూ రాతికీ మధ్య కుక్కింది. కుదురు జారిపోకుండా దాని మీద తన ముంజేతిని అదిమిపెట్టి, "లాగండి!" అని అరిచింది. మోకు ఆమె చేతిని ఒరుసుకుంటూ పైకి వచ్చింది. చర్మం లేచిపోయింది. నాయుడి తల అంచుకు వచ్చేదాకా ఆమె చెయ్యి తీయలేదు.

పైకి వచ్చిన నాయుడు చాలాసేపు మట్టిలోనే కూర్చున్నాడు. ఆమె చేతి నుంచి రాతి మీదికి కారిన నెత్తురును, రాతి మెడకున్న ఒరుపులను చూశాడు.

"తెగేముందు మస్తానయ్య కేకేశాడా?" అని అడిగాడు.

"ఏశాడయ్యా," అన్నాడు అంకయ్య. "మేము ఇన్నాం."

నాయుడు తలవంచుకున్నాడు. తరువాత కూలీలు అడిగినవన్నీ ఒప్పుకున్నాడు. ఇనుపగిలక వేయించాలి. మోకును ఆరునెలలకొకసారి మార్చాలి. అది మంచిదో కాదో దిగేవాళ్లే తేల్చాలి. కొత్త మోకు మీద మొదట యజమానే దిగాలి. మిట్టమధ్యాహ్నం నీడపట్టున విశ్రాంతి, తాగడానికి మంచినీళ్లు ఇవ్వాలి. కూలి పావు వంతు పెంచాలి. పెంచలమ్మకు ఇల్లు కట్టించి బతికినన్నాళ్లు గింజలు కొలవాలి.

"నోటిమాట చాలదయ్యా, తల్లి మీద చెయ్యేసి చెప్పండి," అన్నది పెంచలమ్మ. నాయుడు రాతి మీద చెయ్యి వేసి చెప్పాడు. మేస్త్రీ రంగస్వామి ఆ సాయంత్రమే మూట సర్దుకొని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే గని నుంచి ఇద్దరిని, కొట్టం నుంచి ఇద్దరిని ఎంచుకొని కూలీలు సంఘం పెట్టుకున్నారు. దానికి మోకు సంఘం అని పేరు. తల్లికి మోకులమ్మ అన్న పేరు కూడా అప్పుడు వచ్చినదే. అందరూ పొంగిపోయిన ఆ రోజున పెంచలమ్మ మాత్రం కొట్టం ముందు కూర్చొని గని అంచు వైపు చూస్తూ ఉండిపోయిందట. గెలిచినందుకు ఆమె ఏడవలేదు, నవ్వలేదు. చేతికి ఆకుపసరు కట్టించుకొని మరునాడు పనికి వెళ్లింది.

అభ్రకం గని మూతపడి చాలా కాలమయింది. సంఘం మాత్రం నిలిచి ఉన్నది. గుడి పెత్తనం కూడా దానిదే. ఏటా చైత్ర బహుళ పంచమినాడు భక్తులందరూ వరుసగా కూర్చొని కొత్త మోకు పేనుతారు. బావులు తవ్వేవారు, కరెంటు స్తంభాలెక్కేవారు, పట్నంలో మేడలకు రంగులు వేసేవారు తమ తాళ్లు, నడుముపట్టాలు తెచ్చి తల్లికి తాకిస్తారు. వారిని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్లు వస్తే, ఆ తాడు ముందు తమ నడుముకు కట్టుకొని గని గట్టు నుంచి నీటి అంచుదాకా దిగి రావాలి. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద కాంట్రాక్టరు దిగనని, బదులుగా వెండి కవచం చేయిస్తానని అన్నాడు. సంఘంవారు వద్దని దండం పెట్టి పంపివేశారు. మరుసటి ఏడు అతడే తిరిగి వచ్చి దిగాడు.

ఈ గుడిలో అర్చకత్వం కూలిపని చేసుకొనే ఆడవారిదే. సంతానం, సంపద, పదవి కోరి వచ్చినవారిని కూడా తల్లి కాదనదు. అయితే మోకు పీచు ముంజేతికి కట్టి అర్చకురాలు ఇచ్చే దీవెన మాత్రం అందరికీ ఒక్కటే:

"పొద్దున ఎట్టా పొయ్యావో, సాయంత్రానికి అట్టా ఇంటికి రా."