ముందే రాసిన ఏకగ్రీవం

మగ్గం నేసుకునే పరదేశి గురువుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే రాట్నం ముందు కూర్చోబెట్టి నూలు కండెలు చుట్టమనేవారు. నాలుగు కండెలు నిండేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోయేవి. నూకరాజు ప్రశ్న ఆరు కండెలయినా చల్లారలేదు.

"జనం తామే నిలబెట్టుకున్నది జనం చేతిలోంచే ఎలా జారిపోతుంది గురువుగారూ? జారుతుంటే పట్టుకునేదెవరు?"

నూకరాజు చేనేత సంఘంలో గుమాస్తా. గురువుగారు మర్నాడు జరగబోయే సర్వసభ్య సమావేశం మినిట్సు పుస్తకం తెచ్చి చూపించమన్నారు. తీర్మానం అందులో అప్పటికే ఉంది: "ఇకపై ఏటేటా సభలు, ఎన్నికలు అక్కరలేదనియు, ప్రస్తుత అధ్యక్షులవారే కొనసాగవలెననియు సభ్యులందరిచే ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

"రేపటి సభ నిన్ననే అయిపోయిందా నాయనా?" అన్నారు గురువుగారు.

నూకరాజు ఏమీ సిగ్గుపడలేదు. పన్నెండేళ్లుగా అలాగే రాస్తున్నాడు. సభ ముగిశాక అందరూ టీల మీద పడతారు, రాసుకోవడానికి తీరికేదీ?

అధ్యక్షుడు లింగమూర్తి చెడ్డవాడు కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తుపానుకి గుంటమగ్గాలు మునిగితే మోకాటిలోతు నీళ్లలో నిలబడి తోడించిన మనిషి. అందుకే మర్నాడు సభలో చేతులు టపటపా లేచాయి. కొందరు విశ్వాసంతో ఎత్తారు, కొందరు భయంతో. ఎక్కువమంది ఇంటికెళ్లే తొందరలో ఎత్తారు. ఎత్తనిది సన్యాసమ్మ ఒక్కతే. భర్త పోయాడు, ఉన్నది ఒక్క మగ్గం. సంఘం నూలిస్తేనే ఆమె పొయ్యి వెలిగేది.

"నాను ఒప్పుకోను. అలాగే రాయి బాబూ," అంది.

"ఏకగ్రీవమని రాసీసేను పిన్నీ. నీ ఒక్కదాని కోసం కొట్టీమంటావేటి?" అన్నాడు నూకరాజు.

"ఏకగ్రీవమంటే ఏటి?"

చదువుకున్నవాడెవరో అర్థం చెప్పాడు, అందరిదీ ఒకే మెడ అని.

"నా మెడ నాకుంది. ఆ మాట కొట్టీ."

నూకరాజు అధ్యక్షుడి ముఖం చూశాడు. మాట కొట్టేసి, పైన "ఒకరు తప్ప" అని రాశాడు. తీర్మానం నెగ్గింది. "వచ్చే నెల నీకు నూలెలా వస్తుందో చూద్దాంలే," అన్నాడు లింగమూర్తి నవ్వుతూనే.

"చూడు బాబూ. పై ఏడు ఇదే రోజుకి నానొస్తాను. ఎవులూ రాకపోతే నానొక్కదాన్నే సభ," అంది సన్యాసమ్మ.

నూలు రాలేదు. పక్క ఊళ్లో ఒకరి మగ్గం మీద కూలికి తువ్వాళ్లు నేసింది, ఒంటిపూట తింది, బతిమాలడానికి మాత్రం పోలేదు. ఇలాంటి మొండివాళ్లంటే నాకు గౌరవం, దాచుకోను. మిగిలినవాళ్లకి నూలు వచ్చింది గాని నాసిరకం వచ్చింది. ఇదేమిటని అడుగుదామంటే అడిగే చోటు లేదు. సభలు వద్దన్నది తామే.

ఏడాది తిరిగింది. సన్యాసమ్మ పొద్దున్నే వచ్చి సంఘం మెట్ల మీద కూర్చుంది. తలుపుకి తాళం. తియ్యొద్దని లింగమూర్తి నూకరాజుకి కబురు పెట్టాడు. పది గంటలకి ఆమె పక్కన నలుగురు చేరారు, మధ్యాహ్నానికి ముప్ఫైమంది. కిందటేడు తొందరలో చెయ్యెత్తినవాళ్లే అందులో ఎక్కువ.

నూకరాజు రొప్పుతూ గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"మెట్లు నిండిపోయాయి గురువుగారూ. ఎండలో కూర్చున్నారు, ఎవరూ లేవడం లేదు. తలుపు తీస్తే తీసినవాడి ఉద్యోగం పోతుంది. ఇక వాళ్లకి దిక్కెవరు?"

గురువుగారు నేత ఆపి అతనికేసి చూశారు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది నాయనా?"