తవుడు పోసి కొన్న తవిటమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రోడ్డు లేదు, రైలు లేదు, బియ్యం ఆడే మిల్లు అసలే లేదు. నాలుగు మెతుకులు నోట్లోకి పోవాలంటే ఎవరో ఒకరు రోకలి ఎత్తాల్సిందే. అంత పాతకాలం. ఊరి పేరు కొండెంపాలెం అనుకోండి. కాదంటే మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, కథ మాత్రం మారదు.

ఊరికి దిగువన, ఏటి పక్కన కూలివాళ్ళ పల్లె. ఆ పల్లెలో నూకాలు అని ఒకావిడ. ఆవిడకి మొదటి బిడ్డ పుట్టి ఆరు రోజులుండి పోయింది. రెండో బిడ్డ ఆరు వారాలుండి పోయాడు. మూడో బిడ్డ ఆరు నెలలుండి, నవ్వడం నేర్చుకుని మరీ పోయింది. నాలుగోసారి మళ్ళీ ఆడపిల్ల పుట్టగానే పల్లె ముసలమ్మలంతా ఒక్క మాట అన్నారు.

"బిడ్డని పెంట మీద పారీయే నూకాలూ. తవుడు పోసి కొనుక్కో. ఇది నీ బిడ్డ కాదనుకుని సావు దాటిపోద్ది."

ఈ ఆచారం ఎరగనివాళ్ళు ఎవరైనా ఉంటే మీ తాతల పేర్లు తిరగెయ్యండి. పెంటయ్యలు, కుప్పయ్యలు, తవిటయ్యలు, అందరూ అలా బతికినవాళ్ళే.

సరే, బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. పక్కింటి ముసలమ్మ వెళ్ళి ఎత్తుకుంది. "ఎవులి బిడ్డ ఇది?" అని మూడుసార్లు కేకేసింది. మూడుసార్లూ ఎవరూ పలకలేదు. పలక్కూడదు, అదే పద్ధతి. అప్పుడు నూకాలు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. పచ్చి బాలింతరాలు. ముసలమ్మ ఒళ్ళో దోసెడు తవుడు పోసింది.

"కొన్నాను. ఇంక తిప్పియ్యను," అంది.

చావు దాటిపోయిందో, బిడ్డే గట్టిదో, పిల్ల బతికింది. తవిటమ్మ అని పేరు పెట్టారు.

తవిటమ్మ పెద్దదై వడ్లు దంచే పనికి కుదిరింది. పెళ్ళైంది. మూడేళ్ళకే మొగుడు జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. చేతిలో రోకలి, ముక్కు మీద కోపం, ఈ రెండే ఆమె ఆస్తి. తోటి ఆడవాళ్ళు "దోసెడు తవుడు ఖరీదు మనిషివి, నీకెందుకే అంత పౌరుషం?" అని ఆటపట్టించేవారు. తవిటమ్మ పైకి తిట్టేది గానీ లోపల నిజమేనేమో అనుకునేది. దంచినప్పుడల్లా పిడికెడు బియ్యం బొడ్లో దోపుకునేది. అది ఆమె ఒక్కతే కాదులెండి, దంచే వాళ్ళందరూ చేసేదే.

ఒక ఏడాది ఏసోబు అనే బోధకుడు ఏరు దాటి నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ళకి చెప్పులు లేవు, గొంతు మాత్రం గంట. మూడు రోజులు పల్లెలో ఉన్నాడు. మొదటి రోజు పాట పాడితే పిల్లలు వచ్చారు. రెండో రోజు కథ చెబితే ముసలివాళ్ళు వచ్చి కునుకుపాట్లు పడ్డారు. మూడో రోజు, "దేవుడు మనల్ని వెల పెట్టి కొన్నాడు. వెండి కాదు, బంగారం కాదు, సొంత కొడుకు ప్రాణం పోసి కొన్నాడు. కొని, బిడ్డల్ని చేసుకున్నాడు," అని చెప్పాడు.

దూరంగా వడ్లు దంచుతున్న తవిటమ్మ రోకలి ఆగిపోయింది. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పెంట మీద ఉన్నోళ్ళని కూడా కొన్నాడా?"

"పెంట మీద ఉన్నవాళ్ళనే కొన్నాడమ్మా. వేరేవాళ్ళెవరూ లేరు."

"కొన్నాక, ఇది పనికిమాలిన గుంట అని తెలిస్తే?"

"తెలిసే కొన్నాడు."

"మరైతే తిప్పియ్యడు గదా?"

"తిప్పివ్వడు. ఆయన చేతిలోంచి లాక్కునేవాడూ లేడు."

తవిటమ్మ ఏడ్చింది. ఎందుకేడ్చిందని అడుగుతారేమో. పుట్టినప్పటి నుంచి తన ఖరీదు దోసెడు తవుడు అనుకున్న మనిషి, తన కోసం ఒకరు కొడుకుని ఇచ్చారని వింటే ఏడవదా మరి?

ఏట్లో బాప్తీస్మం తీసుకుంది. ఏసోబు "మంచి పేరొకటి పెడతానమ్మా, ఈ తవుడు పేరెందుకు?" అన్నాడు. ఆమె ససేమిరా అంది. "కొన్న గురుతయ్యా అది. ఉండనీ." మర్నాటి నుంచి బొడ్లో బియ్యం దోపడం మానేసింది. తోటివాళ్ళు నవ్వితే, "అంత పెద్దింటి బిడ్డని. పిడికెడు బియ్యానికి మా అయ్యకి తలొంపులు తెస్తానా?" అనేది.

మాట అనడం తేలికే. నిలబడడమే కష్టం.

రెండేళ్ళు వానల్లేవు. ఏరు ఎండి ఇసక తేలింది. పల్లెలో జనం తవుడు రొట్టెలు తినే రోజులొచ్చాయి. ఊరికి పెద్ద సూరినాయుడు. ఆయన కోడలు అప్పలనర్సమ్మకి అప్పటికి ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగో కాన్పులో ఆడపిల్ల. ఈసారి పెంట మీద వేసి కొనుక్కుందామని, బిడ్డని ఎత్తడానికి తవిటమ్మకి కబురు పెట్టారు. ఎత్తినందుకు కుంచెడు బియ్యం ఇస్తామన్నారు.

తవిటమ్మ వెళ్ళింది. పెంటకుప్ప మీద చేట, చేటలో బిడ్డ. ఎత్తుకుని గుడ్డ తొలగించి చూసింది. గ్రహణమొర్రి. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

"ఎవులి బిడ్డ ఇది?" అని కేకేసింది. పలక్కూడదు, ఎవరూ పలకలేదు.

"ఎవులి బిడ్డ ఇది?" ఎవరూ పలకలేదు.

"ఎవులి బిడ్డ ఇది?" మూడోసారీ ఎవరూ పలకలేదు. అది పద్ధతే. కానీ ఆ తర్వాత తవుడు పట్టుకుని తల్లి రావాలి. తల్లి రాలేదు. లోపల ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడుస్తోంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. తవిటమ్మ తన కొంగు బిడ్డ మీద కప్పి అక్కడే కూర్చుంది.

చివరికి సూరినాయుడే బయటికి వచ్చాడు.

"దాన్నక్కడే వొదిలీసి ఎల్లు తవిటమ్మా. అది పాలు తాగలేదు, బతకదు. బతికినా నా ఇంటికి పరువు తక్కువ. నీ బియ్యం నీకు పంపిస్తాను."

"బియ్యం వొద్దు బావూ. బిడ్డని కొనుక్కోండి."

"కొనను."

"మీరు కొనకపోతే నాను కొంటాను."

సూరినాయుడు నవ్వాడు. "నీ దగ్గర ఏటున్నాదే కొనడానికి?"

తవిటమ్మ బిడ్డని భుజానేసుకుని ఇంటికి నడిచింది. కుండలో దోసెడు తవుడుంది. ఆ రోజుకీ, మర్నాటికీ అదే ఆమె తిండి. కుండతో సహా తెచ్చి సూరినాయుడి కాళ్ళ ముందు తవుడంతా పోసింది. పల్లె, ఊరు చూస్తున్నాయి.

"కొన్నాను. ఇంక తిప్పియ్యను," అంది.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా? సూరినాయుడు ఆ సాయంత్రమే చాటింపు వేయించాడు. తవిటమ్మకి వడ్లిచ్చిన ఇంటివాళ్ళకి తన చేలో పని లేదు. ఒక్క రోజులో ఊళ్ళో రోళ్ళన్నీ ఆమెకి మూతబడ్డాయి.

బిడ్డకి కృపమ్మ అని పేరు పెట్టింది. పక్కింటి మేకపాలు ఉగ్గుగిన్నెలో పోసి, బిడ్డని నిటారుగా పట్టుకుని, బుగ్గ పక్క నుంచి చుక్క చుక్కగా పోసేది. సగం ముక్కులోంచి వచ్చేసేవి. మళ్ళీ పోసేది. గిన్నెడు పాలకి ఒక పూట పట్టేది. "నువ్వు తాగకపోతే నాను లేవను, ఎవులు గెలుస్తారో సూద్దాం," అని బిడ్డతో పోట్లాడేది.

పని కోసం ఇసక దాటి అవతలి ఊరు వెళ్ళింది. అక్కడొక షావుకారమ్మ వడ్లు దంచడానికి పెట్టుకుంది. వారం గడిచింది. మేక ఒట్టిపోయింది. గంజికి నూకలైనా లేవు. వీపున కట్టిన బిడ్డ ఏడ్చే ఓపిక లేక మూలుగుతోంది. ఆ రోజు తవిటమ్మ చెయ్యి, పాత అలవాటున, పిడికెడు బియ్యం బొడ్లో దోపేసింది.

ఏటి నడుమ దాకా వచ్చి ఆగిపోయింది. ఇసకలో కూలబడింది. ఇంకెవరైనా అయితే ఏమనుకుంటారు? నా పని అయిపోయింది, నన్ను కొన్నాయన మళ్ళీ పెంట మీద పారేశాడు, ఇంక పిడికెడైతేనేం కుంచెడైతేనేం అనుకుంటారు. తవిటమ్మకీ ఆ మాట మనసులోకి వచ్చింది. వచ్చిన మాటని ఈగని తోలినట్టు తోలేసింది. వెనక్కి తిరిగింది.

షావుకారమ్మ ముందు బియ్యం పోసి, "దొంగతనం సేసినాను తల్లీ," అంది.

షావుకారమ్మకి ఒళ్ళు మండింది. "పెద్ద దేవుడి బిడ్డనని చెప్పుకుంటావుగా! ఈ పాటికి మీ దేవుడు నిన్ను వదిలేసే ఉంటాడు!"

"వొదలడు తల్లీ. వొదలడు కాబట్టే తిరిగొచ్చినాను. వొదిలీసినోడైతే ఇంటికే పోదును."

షావుకారమ్మ ఇంకో నాలుగు తిట్లు తిట్టింది. తిట్టి తిట్టి, వీపున ఉన్న బిడ్డ మూతి చూసింది. లోపలికి వెళ్ళి చెంబుడు ఆవుపాలు తెచ్చి తవిటమ్మ చేతిలో పెట్టింది. "రేపు పెందరాళే రా. ఆలస్యమైతే ఊరుకోను," అంది.

వానలొచ్చాయి. ఏరు పారింది. కృపమ్మ బతికింది, నడిచింది, ముద్దగానైనా మాట్లాడింది. ఏడేళ్ళొచ్చాయి. సూరినాయుడి ఇంట్లో మాత్రం మళ్ళీ ఉయ్యాల కట్టలేదు. అప్పుడొక పొద్దున్న అప్పలనర్సమ్మ పల్లెలోకి వచ్చింది. చేతిలో బంగారు కంటె, కళ్ళల్లో నీళ్ళు.

"నా బిడ్డని నాకు అమ్ము తవిటమ్మా. ఆ రోజు తలుపు గడియ మా మావే పట్టుకుని నిలుసున్నాడు. నాను రాలేకపోయినాను."

తవిటమ్మ రోకలి గోడకి ఆనించింది. "నీ బిడ్డే తల్లీ, కాదన్ను. కానీ కొన్నది తిప్పియ్యను. అమ్మితే రేపు దీనికి తన ఖరీదెంతో తెలుస్తాది. తెలవకూడదు. నువ్వే రా. అదిగో రెండో రోకలి."

కంటె కొంగున ముడేసుకుని, నాయుడుగారి కోడలు పల్లెలో రోకలి పట్టింది. ఊరు ముక్కున వేలేసుకుంది. అటొక పోటు, ఇటొక పోటు, ఇద్దరాడవాళ్ళు దంచుతుంటే మధ్యలో పిల్ల చెరిగేది. అప్పలనర్సమ్మ రోజూ వచ్చేది. మామ అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు.

ఏళ్ళు గడిచాయి. తవిటమ్మకి రోకలి ఎత్తే సత్తువ పోయింది. తర్వాత చెంబు ఎత్తే సత్తువ పోయింది. ఒక మధ్యాహ్నం పల్లె అంతా ఆమె మంచం చుట్టూ చేరింది. కర్ర పొడుచుకుంటూ ముసలి సూరినాయుడు వచ్చాడు. పల్లెలోకి ఆయన రావడం అదే మొదలు. అందరినీ బయటికి పొమ్మనలేదు. అందరి ముందే అడిగాడు.

"భయం నేదా తవిటమ్మా?"

"దగ్గుకే భయం బావూ, నొప్పి పుడతన్నాది. సావుకి నేదు. కొన్నాయన దగ్గిరికి కొనుక్కున్న బిడ్డ ఎల్తాది. అందుకు భయమేల?"

"అంత రూఢిగా ఎలా సెప్తావే? నువ్వూ తప్పులు సేసినావు గదా?"

"నా మీద నమ్మకం అయితే సెప్పలేను. ఆయన మీదది."

సూరినాయుడు మంచం దగ్గరికి జరిగాడు. "కన్న మనవరాలిని పెంట మీద వొదిలీసినోణ్ణి నాను. నాలాటోణ్ణి కొంటాడా?"

తవిటమ్మ చెయ్యి చాపింది. "నీ ఖరీదు ఎప్పుడో ఇచ్చీసినాడు బావూ. నువ్వే ఇంకా పెంట మీద కూకుని, దిగనంటన్నావు. దిగు."

ముసలాయన గొంతు విప్పి ఏడ్చాడు. కృపమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. తవిటమ్మ అది చూసింది. చూసి, కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

కన్న బిడ్డలు లేని విధవరాలు కదా, పాడె ఎవరు మోస్తారని ఊరివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ముందు కొమ్ము కృపమ్మ పట్టింది. రెండోది అప్పలనర్సమ్మ పట్టింది. మూడోది కబురంది ఏరు దాటి వచ్చిన, తల నెరిసిన ఏసోబు బోధకుడు పట్టాడు. నాలుగో కొమ్ముకి సూరినాయుడు కర్ర పారేసి భుజం ఇచ్చాడు. నడుం వంగిన మనిషి, పాడె అటు వైపు ఒరిగిపోయింది. అయినా దించలేదు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో పెంటకుప్ప మీద మరో బిడ్డని పెట్టలేదు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా తప్పు చేసి మొహం చాటేస్తే, పెద్దవాళ్ళు వెళ్ళి "దిగు" అంటారు. అంతే, ఇంకో మాట అనరు. ఇప్పటికీ దారి తప్పిన పసిబిడ్డ ఎవరైనా ఆ పల్లెలో అడుగు పెడితే, లోకమంతా అడిగే ప్రశ్న వాళ్ళు అడగరు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీయరు. చేతులు కడిగి, పీట వేసి, ముందు అన్నం పెడతారు.