గోడ బయట పోసిన నీళ్ళు

రాజుల కథలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. మట్టి మోసినవాళ్ళ కథ మనమే చెప్పుకోవాలి. వినండి.

అనగనగా ఒక పట్నం. ఆ పట్నాన్ని ఏలే దొరకు లోకంలోని చెట్లన్నీ ఒక్క తోటలో చూడాలని కోరిక పుట్టింది. సముద్రాలు దాటించి మొక్కలు తెప్పించాడు. ఊళ్ళ నుంచి కూలీలను తోలుకొచ్చాడు. వాళ్ళలో కొమురవ్వ ఒకతె. మగడు లేడు. చంకలో నెలల బిడ్డ.

కొమురవ్వ కడవతో నీళ్ళు మోసింది. పొద్దున మోసింది, మధ్యాహ్నం మోసింది, పొద్దుగూకినా మోసింది. మొక్కలు బతికాయి. బిడ్డ జ్వరంతో పోయింది.

పసిబిడ్డను కాల్చరు, పూడుస్తారు. పైన మొక్క పెట్టి నీళ్ళు పోస్తారు. మన ఆచారం అది. కానీ జాగా ఏది? కూలివాళ్ళకు గుడిసె కింది నేల కూడా సొంతం కాదు. తోటి కూలి బుచ్చవ్వ పార పట్టింది. తోట అంచున ఒక మొక్క కోసం తీసిన గుంటనే ఇద్దరూ కలిసి ఇంకా లోతు చేశారు. బిడ్డను పడుకోబెట్టి, పైన దొర మొక్కను నాటారు.

"ఎవ్వలకు చెప్పకే పిల్లా" అంది బుచ్చవ్వ. "తెలిస్తే మైల అని తవ్వి పారేస్తరు."

కొమురవ్వ ఎవరికీ చెప్పలేదు.

తోట పూర్తయింది. దొర చుట్టూ గోడ పెట్టించాడు. కట్టిందెవరు? ఆ కూలీలే. కట్టగానే బయటికి గెంటిందెవరిని? ఆ కూలీలనే.

ఆ ఏడు వానలు లేవు. ఉన్న కాసిని నీళ్ళూ దొర బంగళా ముందరి పూలకు పోయాయి. గోడ పక్క చెట్లను ఎవరూ చూడలేదు.

కొమురవ్వ కడవ నెత్తిన పెట్టుకుని గేటు కావలివాణ్ణి అడిగింది. నీడ వద్దు, పండు వద్దు, ఒక్క కడవ నీళ్ళు పోసి వస్తనంది. వాడు కర్ర చూపించాడు.

మేస్త్రీని అడిగింది. నీడ వద్దు, పండు వద్దు, ఒక్క కడవ నీళ్ళు పోసి వస్తనంది. పని అయిపోయినంక నీకు తోటలో ఏం పని, దొరసానివా అని వాడు నవ్వాడు.

చివరికి దొర బండికే అడ్డం నిలబడింది. నీడ వద్దు, పండు వద్దు అంది. దొర బండి ఆపించాడు. ఆపించిన మాట నిజమే.

"ఇన్ని చెట్లుండగా ఆ ఒక్క చెట్టే ఎందుకు?" అని అడిగాడు.

కొమురవ్వ నోరు తెరిచింది. చెబితే గుంట తవ్విస్తాడు. చెప్పకపోతే చెట్టు ఎండుతుంది. తెరిచిన నోరు మూసుకుంది. బండి వెళ్ళిపోయింది.

అప్పుడామె గోడ వెంట నడిచి, చెట్టుకు సరిగ్గా ఎదురుగా ఆగి, ఇవతలి మట్టిలో కడవ వంచింది. దారిన పోయేవాళ్ళు నవ్వారు. చెట్టు లోపల, నీళ్ళు బయట, ఈమెకు తల తిరిగిందన్నారు. కొమురవ్వ వాళ్ళ వైపు చూడలేదు. గోడకు చెంప ఆనించింది.

"నన్ను లోపలికి రానిస్తలేరు బిడ్డా. నువ్వే రా."

పొద్దున పోసింది, మధ్యాహ్నం పోసింది, పొద్దుగూకినా పోసింది. లోపల ఎన్నో చెట్లు మాడిపోయాయి, అది మాడలేదు. వానలు తిరిగొచ్చినా ఆమె పోయడం మానలేదు. జుట్టు నెరిసింది, నడుము వంగింది. ఒక ఎండాకాలం ఆ గోడ కిందే, కడవ పక్కనే ప్రాణం విడిచింది. బుచ్చవ్వ వచ్చి శవం మీద పడి ఏడ్చింది. ఏళ్ళుగా దాచిన మాట అప్పుడు అందరి ముందూ చెప్పింది. నవ్వినవాళ్ళు తల దించుకున్నారు.

తొలకరికి గోడ బీటలిచ్చింది. కింద నుంచి చేతి లావు వేరు ఒకటి బయటికి వచ్చి, ఆమె నీళ్ళు పోసిన చోటే మట్టిలోకి దిగింది. బిడ్డ వచ్చేసరికి తల్లి లేదు.

దొర గోడ కట్టించాడు, పగిలింది. మళ్ళీ కట్టించాడు, పగిలింది. మూడోసారీ పగిలింది. తర్వాత దొర కూడా పోయాడు. ఆయన పేరేమిటో నన్నడక్కండి, ఎవరికీ గుర్తులేదు. జనం కొట్లాడి గేటు తెరిపించారు.

ఇప్పుడా తోట అందరిదీ. ఆ చెట్టుకు తగిలించిన రేకు మీద ఏదో పొడుగు పేరుంది. ఎవరూ చదవరు, కొమురవ్వ చెట్టు అంటారు. తోట చూడబోయేవాళ్ళు ముందు గోడ బీట దగ్గర ఆగి, తెచ్చుకున్న నీళ్ళలో ఒక గుక్కెడు బయటే వంచుతారు. లోపల పోస్తే ఇప్పుడు అడ్డుకునేవాడు లేడు. అయినా బయటే వంచి, "నువ్వే రా బిడ్డా" అంటారు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరైనా వస్తే మాత్రం ఆ మాట అనలేకపోతుంది. వేరు మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. ఆమెను తొందరపెట్టకండి.