ఒక్కో వరసకు ఒక్కో ఇల్లు

సమాధానం అయ్యగారికి ఆ పేరు తల్లిదండ్రులు పెట్టిందే గాని, అడిగినదానికి ఆయన నోటితో సమాధానం చెప్పడం అరుదు. పాలమూరు వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ముప్ఫై ఏళ్లుగా ఆయన కాపరి. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, కండువా భుజాన వేసుకుని, "నడు, పోయొద్దాం" అనేవారు.

ఆయన దగ్గర రెండేళ్లుగా వాక్యం నేర్చుకుంటున్న గిద్యోనును నల్లమల లోపలి ఒక పల్లెకు సేవకు పంపాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. అక్కడ విశ్వాసి అన్నవాడు ఒక్కడూ లేడు. గిద్యోను మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు పొద్దున అయ్యగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, అక్కడ ఆదివారం నాతో కలిసి పాడేవాళ్లుండరు. పక్కన మోకరించేవాళ్లుండరు. సహవాసం లేకుండా నేనెన్నాళ్లు నిలబడతాను? నన్ను పంపొద్దని పెద్దలకు మీరే చెప్పండి."

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మార్తమ్మను చూసి నాలుగు నెలలైంది. నడు, పోయొద్దాం" అన్నారు.

మార్తమ్మ ఆ సంఘంలో ఒక విధవరాలు. ఆ ఏడు వానలు మొహం చాటేయడంతో పొలం పనులు లేక, దూరాన ఒక ఇటుకబట్టీలో పనికి కుదిరింది. సంఘం నుంచి అక్కడికి వెళ్లింది ఆమె ఒక్కతే. మిగిలిన కూలీలంతా ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మాట ఈమెకు రాదు, ఈమె మాట వాళ్లకు రాదు.

రెండు బస్సులు మారి గురుశిష్యులు బట్టీ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మార్తమ్మ మోచేతుల దాకా బురదతో, మట్టిముద్దను అచ్చులో కొట్టి నేల మీద బోర్లిస్తోంది. అయ్యగారిని చూడగానే లేచి నిలబడి, చేతుల బురద చూసుకుని, మోచేతులే దగ్గరికి చేర్చి, "వందనాలు అయ్యగారూ" అంది. ఆపైన ఆమె కుశలప్రశ్నలకు అడ్డు లేకపోయింది. సారమ్మ మోకాలు నయమైందా, దానియేలు అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారా అని ఒక్కొక్క ఇల్లే అడిగింది. చివరికి గిద్యోను వైపు తిరిగింది.

"మీ అమ్మకు కంటి ఆపరేషన్ అయ్యిందా, బిడ్డా?"

తల్లి కంటి సంగతి అతను దసరా ముందర ఒక ఆదివారం ప్రార్థన మనవుల్లో చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. తన దిగుల్లో తాను పడి, అతనే ఇంటికి ఫోన్ చేసి నెల దాటింది.

"అయ్యే ఉంటుందమ్మా" అన్నాడు. ఆ మాట తన చెవులకే పరాయిగా వినబడింది.

"అన్ని సంగతులూ ఎట్లా గుర్తుపెట్టుకున్నావమ్మా?" అని అడిగారు అయ్యగారు.

"నాకు చదువు రాదు గద అయ్యగారూ. ఇటుకలు వరసగ పెడ్తం. ఒక్కో వరసకు ఒక్కో ఇల్లు అనుకుంట. ఆ వరస అయ్యేదాక ఆ ఇంటోళ్ల కోసం ప్రార్థన చేస్త. ఈ బిడ్డది ఏడో వరస."

గిద్యోను తల వంచుకుని పక్కకు వెళ్లి, ఫోన్ తీసి తల్లితో మాట్లాడాడు. ఆపరేషన్ జరిగి పది రోజులైంది. చదువు పాడవుతుందని ఆమే చెప్పలేదట. తిరిగి వచ్చేసరికి మార్తమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"తప్పు చేసిన అయ్యగారూ. పూటపూటకూ దేవునికని తీసిన పిడికెడు బియ్యం మూటకట్టి పెట్టిన, మీకియ్యాలని. పక్క గుడిసెల ఆమె బాలింత. మొగుడు జరంతో పడుకున్నడు, ఇంట్ల గింజ లేదు. పన్నెండు దినాలు ఆ బియ్యమే గంజి కాసి పోసిన. మూట ఖాళీ అయ్యింది."

"చేరాల్సిన చోటికే చేరిందమ్మా" అన్నారు అయ్యగారు. ఆ మాట తర్వాత గానీ మార్తమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

ముగ్గురూ గుడిసె నీడన చాప మీద కూర్చున్నారు. మార్తమ్మ కీర్తన ఎత్తుకుంది. పక్క గుడిసెలోంచి ఆ బాలింత బిడ్డను ఒళ్లో వేసుకుని వచ్చి, ఆమె భుజానికి భుజం ఆనించి కూర్చుంది. రోజూ వింటున్న పాటేమో, మాటలు రాకపోయినా రాగం కలిపింది. గిద్యోను పాడబోయి ఆగి, ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాడు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. రోడ్డు మీదికి వచ్చాక గిద్యోను, "నేను వెళ్తాను అయ్యగారూ. పెద్దలకు ఏమీ చెప్పొద్దు" అన్నాడు.

అయ్యగారు తలూపారు గాని, ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. దూరాన దుమ్ము రేపుకుంటూ బస్సు కనబడింది. ఆ పూటకు అదే ఆఖరిది. ఆపమని గిద్యోను చెయ్యెత్తాడు. ఆయన ఆ చేతిని పట్టుకుని దించేశారు.

"ఆ బాలింత పేరు అడక్కుండా వచ్చేశాం, గిద్యోనూ. ఏ పేరున ప్రార్థన చేస్తాం? వెనక్కి నడు."