కొర్రమీను గాలితో వాదించిన ఎండాకాలం

ఒకప్పుడు చేపలన్నీ నీళ్లలో ఉన్న ఊపిరే పీల్చేవి. కొర్రమీనూ అంతే. చెరువు అడుగున హాయిగా తిరిగేది. పైన ఆకాశం ఏ రంగులో ఉంటుందో దానికి తెలీదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు.

ఆ చెరువు చేపలకు ఒక ఆనవాయితీ ఉండేది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే చిన్నాపెద్దా అందరూ చెరువు నడుమ ఉన్న లోతు గుంటలోకి చేరాలి. వాన పడేదాకా ఒకరినొకరు ఆనుకుని అక్కడే ఉండాలి. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు మబ్బులు వచ్చినట్టే వచ్చి, గాలి వెంట ఎటో పోయాయి.

కొర్రమీనుకు అప్పుడే పిల్లలు పుట్టాయి. గుప్పెడు ఆవాలు చల్లినట్టు ఎన్ని పిల్లలో! వాటిని వెంటబెట్టుకుని అదీ గుంటలోకి వచ్చింది.

"జరగండమ్మా, పిల్లల తల్లి వచ్చింది" అంది జెల్ల చేప.

"ఇంకెక్కడికి జరగను వదినా? నా తోక మీద ఇప్పటికే ముగ్గురు కూర్చున్నారు!" అంది పరిగె చేప.

అందరూ నవ్వారు. ఆ గుంటలో నవ్వు వినపడడం అదే ఆఖరు.

గుంటలో నీళ్లు కొంచెం. పీల్చేవాళ్లు బోలెడుమంది. పీల్చిన నీళ్లే మళ్లీ మళ్లీ పీలిస్తే వాటిలో ఊపిరి ఎంతసేపుంటుంది?

"అమ్మా, ఇవి ఉత్తి నీళ్లేనే, ఊపిరి లేదే" అంది ఒక పిల్ల. కాసేపటికి అది తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలిపోయింది. దాని పక్కనే ఇంకోటి. ఆ పక్కనే ఇంకోటి.

ఆ గుంటలో అందరికీ పెద్ద, బొచ్చె చేప మావయ్య. కొర్రమీను నేరుగా అతని ముందుకెళ్లి నిలబడింది.

"మావయ్యా, ఇంతమందిమి ఒకేచోట పీలిస్తే ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తుంది? సగంమందిమి పక్కనున్న చిన్న గుంటల్లోకి పోదాం."

"నిన్నగాక మొన్న పుట్టావు, ఆనవాయితీకి వంకలు పెడతావా? మన తాతలంతా ఇక్కడే బతికారు" అన్నాడు బొచ్చె.

"బతికిన తాతల మాటే చెబుతున్నారు. చచ్చిపోయిన తాతల మాట ఎవరు చెబుతారు మావయ్యా?"

బొచ్చె ముఖం తిప్పుకున్నాడు. వాదనలో కొర్రమీనే గెలిచింది. కానీ ఏం లాభం? వాదన ముగిసేసరికి పక్క గుంటలు కూడా ఎండిపోయాయి.

దిక్కుతోచక కొర్రమీను తల నీళ్లపైకి ఎత్తింది. ఎండ చెంప మీద కొట్టినట్టు తగిలింది. దుమ్ము లేపుకుంటూ గాలి పోతోంది.

"ఏయ్ గాలీ, ఆగు!"

"ఎవరది? చేపవా? లోపలికి పోవే, ఎండుచేపవైపోతావు!" అని నవ్వింది గాలి.

"మా మబ్బుల్ని తోలుకుపోయింది నువ్వేగా?"

"తోలడమే నా పని. ఎటు తోలానో నాకు గుర్తుండదు."

"గుర్తుండదా? నీ మతిమరుపుకు నా పిల్లలు చచ్చిపోతున్నాయి. కిందికి చూసి అప్పుడు నవ్వు!"

గాలి కిందికి చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఆ మబ్బులు ఎక్కడో కురిసేశాయి. తిరిగి తేలేను" అంది.

"తేలేవు, సరే. నీ దగ్గర ఏముందో అదివ్వు."

"నా దగ్గర నేనే ఉన్నాను."

"అయితే నువ్వే రా."

గాలి నెమ్మదిగా అంది: "ఆలోచించుకో. ఒక్కసారి నన్ను మింగావంటే ఇక నీళ్ల ఊపిరి నీకు చాలదు. చెరువు నిండినా సరే, నా కోసం పైకి రావాల్సిందే. రాకపోతే ఆ నీళ్లలోనే ఊపిరాడక చస్తావు."

కొర్రమీను కిందికి చూసింది. సగం పిల్లలు అప్పటికే తెల్లగా తేలుతున్నాయి.

"ఇవ్వు" అంది.

నోరు తెరిచి గుటుక్కున మింగింది. గొంతు భగ్గుమంది. ఆ తర్వాత ఊపిరి ఆడింది. మిగిలిన పిల్లల్ని కూడా పైకి తోసింది. అవి ఒకదాన్నొకటి అంటుకుని, ఒక ముద్దలా పైకి తేలి గాలి మింగాయి. ఆ ఎండకు వాటి లేత ఒళ్లు ఎర్రగా కమిలిపోయాయి.

"మావయ్యా, రండి! వదినా, నువ్వూ రా!"

"నీళ్లు వదిలి నోరు తెరిచేది చేపా?" అన్నాడు బొచ్చె. మళ్లీ ఆయన మాట వినపడలేదు. జెల్ల రావాలనే చూసింది. పైదాకా వచ్చే సత్తువ దానికి మిగల్లేదు.

చివరికి ఆ కాసిన్ని నీళ్లూ పోయాయి.

"రావే తల్లీ. నా దగ్గర నీళ్లు లేవు గానీ కాస్త తడి ఉంది" అంది బురద.

కొర్రమీను పిల్లలతో సహా బురదలోకి దూరింది. గాలి కోసం పైన చిన్న కన్నం ఉంచుకుంది. ఆ చీకట్లో పిల్లల్ని పేరుపేరునా పిలిచేది. పిలిచినప్పుడల్లా "ఊఁ" అనే గొంతులు తగ్గుతూ వచ్చాయి.

ఎప్పటికో వాన పడింది. చెరువు నిండింది. కొర్రమీను బయటికొచ్చి "వదినా! మావయ్యా!" అని చెరువంతా తిరిగింది. ఎవరూ పలకలేదు. దాని వెనక గుప్పెడు ఎర్రటి పిల్లలు తప్ప ఎవరూ లేరు.

"అమ్మా, ఇప్పుడిన్ని నీళ్లున్నాయిగా. ఇంకా పైకెందుకు?" అని ఒక పిల్ల కిందే ఉండిపోయింది. కాసేపటికే ఊపిరాడక గిలగిలా కొట్టుకుని, ఒంటరిగా పైకి పరిగెత్తింది. పైన కొంగ కాచుకుని ఉంది.

"గాలీ! చెరువు నిండింది. నీది నువ్వు తీసుకుపో!" అని అరిచింది కొర్రమీను.

"నన్ను మింగడమే నేర్పగలిగాను. మానడం నేర్పలేను" అంది గాలి.

కొర్రమీను వెనక్కి వెళ్లి, మిగిలిన పిల్లల కింద నిలబడింది.

అప్పటినుంచే కొర్రమీను నిండు చెరువులో ఉన్నా గాలి కోసం పైకి వస్తుంది. చెరువు ఎండితే బురదలో దూరి వాన కోసం ఎదురుచూస్తుంది. అప్పటినుంచే దాని పిల్లలు ఎర్రగా, ఒక ముద్దలా పైకి తేలతాయి. ఆ ఎరుపు కింద, నీళ్లలో, నల్లటి తల్లి ఉంటుంది. కొంగ ఎటునుంచి వస్తుందోనని పైకే చూస్తూ ఉంటుంది.