నక్క బావ చేసిన చిన్న మరమ్మతు

ఇప్పచెట్ల అడవిలో పొద్దున్నే మంచు దిగితే చెట్లు నేలమీద ఉన్నట్టుండవు, తేలుతున్నట్టుంటాయి. ఆ మంచులో, కొండగుహలో ఒక సర్వర్ సన్నగా జోలపాడుతూ ఉండేది. ఏ మడుగులో నీళ్ళున్నాయో, ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది అదే. దాని సాఫ్ట్‌వేర్ జంతువులన్నీ కలిసి ఉత్తినే రాసుకున్నాయి. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా కాపీ తీసుకోవచ్చు.

ఒక్కటే తంటా. ఎండలు ముదిరి అందరూ ఒక్కసారే అడిగితే అది ఆగిపోయేది. పోయిన వేసవిలో అలా ఆగినప్పుడే లేడి వదిన పెద్దపిల్ల దాహంతో పోయింది. ఇక చిన్నదొక్కటే మిగిలింది.

అందుకే ఆ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసే తాబేలత్త పట్టుబట్టింది. "ఎండలకి ముందే గట్టి వెర్షన్ వదులుతాం. ఇవాళ్టినుంచి కొత్త హంగులు బంద్, తప్పులు దిద్దడమే. దిద్దినదాన్ని ఇంకొకరు చదివి పంజా ముద్ర వెయ్యాలి. రాసినవాళ్ళూ, ముద్ర వేసినవాళ్ళూ ముందు వారంరోజులు తమమీదే వాడి చూసుకోవాలి."

మన నక్క బావకి వద్దన్న పని చెయ్యకపోతే నిద్రపట్టదు. మర్నాడే ఒక కోడ్ ముక్క పట్టుకుని ఎలుగు మామ దగ్గరికెళ్ళాడు. మామ ఇప్పపూలు కడుపునిండా మేసి, పూలమీదే పడుకుని మబ్బుల్ని చూస్తున్నాడు.

"మామా, చిన్న మరమ్మతు. ముద్ర వెయ్యవూ?"

"ఏముందిరా అందులో?"

"వంతుల్లో ఏదో తప్పులే. నువ్వు చదివేంత పెద్దది కాదు."

"ఆ మబ్బు చూడరా, అచ్చం తేనెపట్టు!" అంటూ మామ పంజా చాపేశాడు. చదవలేదండీ, ఒక్క ముక్క కూడా చదవలేదు!

తాబేలత్త మాత్రం సాయంత్రపు నీరెండలో తల బయటపెట్టి అక్షరం అక్షరం చదివింది. అందులో మరమ్మతూ లేదు, పాడూ లేదు. మడుగు దగ్గరికి ఎవరు ఒంటరిగా వస్తున్నారో, ఆ కోడ్ చేతిలో ఉన్నవాళ్ళకి చాటుగా కబురు పంపే ఏర్పాటు ఉంది. అత్తకి లేడిపిల్ల గుర్తొచ్చింది.

"ఇది మరమ్మతేనా అల్లుడూ?"

"నీమీదొట్టు అత్తా!"

"అయితే రివాజు ప్రకారం వారంరోజులు నీమీద వాడు. ఈ వారం దానికి నువ్వూ, మామా తప్ప ఎవరూ కనబడరు."

"ఓస్, అంతేగా!" అన్నాడు నక్క బావ. వారం గడిస్తే లేడిపిల్ల తనదేననుకున్నాడు.

మామ ఇప్పపూలు వదిలి కదల్లేదు. నక్క బావ ఒక్కడే మంచులో తేలిపోతూ మడుగుకి వెళ్ళాడు. అక్కడ చిరుతపులి తీరిగ్గా కూర్చునుంది.

"రా బావా. ఒంటరిగా వస్తున్నావని కబురొచ్చింది."

"నీకా? నీకెలా?"

"ఎవరైనా కాపీ తీసుకోవచ్చుగా. నువ్వు రాసింది నాకు భలే నచ్చింది!"

సగం తోక అక్కడే వదిలి, నక్క బావ గుహలోకొచ్చి పడ్డాడు. "అత్తా, తీసెయ్! నేను రాసిందంతా తీసెయ్!"

"మరమ్మతన్నావుగా?"

"కాదత్తా, దొంగపని! నీ కాళ్ళు పట్టుకుంటా!"

అత్త తీసేసింది. ఎలుగు మామ సిగ్గుతో చచ్చిపోయి, వారమంతా పూలు ముట్టకుండా ప్రతి పేజీ చదివాడు.

ఎండలు మొదలైన ఉదయం కొత్త వెర్షన్ వదిలారు. అడవంతా ఒక్కసారే అడిగింది. సర్వర్ తడబడకుండా అందరికీ వంతు చెప్పింది. లేడిపిల్ల వంతు వచ్చింది, అమ్మ పక్కన నిలబడి కడుపారా తాగింది.

పదిమంది నమ్ముకున్నదాంట్లో చాటుగా కీడు కలిపేవాడు, అది ముందు తననే తాకుతుందని మరిచిపోతాడు.